వాచ్యం దోషమా? – జాషువ ‘గబ్బిలం’లో ముఖ్యార్థ, లక్ష్యార్థ వివేచన

వ్యాససంగ్రహం

సాహిత్యభాషను వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం అని విభజించి చూడటం భారతీయ ఆలంకారిక సంప్రదాయం. ఈ విభజన తెలుగు విమర్శలోకి వచ్చేసరికి వాచ్యాన్ని తక్కువగా, లక్ష్య వ్యంగ్యాలను ఎక్కువగా ఎంచే అలవాటుగా స్థిరపడింది. గుర్రం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’ కావ్యాన్ని ఆధారంగా చేసుకొని, ముఖ్యార్థానికి ఏ బాధా లేని చోట ప్రతీకను వెదకడం వల్ల కావ్యంలోని ధిక్కారం ఎలా మరుగున పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అభిధ, లక్షణ, ముఖ్యార్థబాధ, దూతకావ్యం, వ్యతిరేకం, గబ్బిలం, దళిత సాహిత్యం

1. ప్రవేశిక

‘గబ్బిలం దేనికి ప్రతీక?’ అనే ప్రశ్న తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. దానికి సమాధానాలూ సిద్ధంగానే ఉంటాయి. అస్పృశ్యునికి ప్రతీక అంటారు, చీకటి బతుకుకు ప్రతీక అంటారు, నోరు లేని దీనులకు ప్రతీక అని కూడా అంటారు. ఈ సమాధానాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయితే ప్రశ్న అడిగిన తీరులోనే ఒక నిర్ణయం దాగి ఉంది. కావ్యంలోని గబ్బిలం గబ్బిలం కాదు, మరొకదానికి బదులుగా నిలిచిన గుర్తు మాత్రమే అన్నది ఆ నిర్ణయం. విద్యార్థి కావ్యం తెరవకముందే వాచ్యార్థం అతని చేతిలోనుంచి జారిపోతుంది.

సాహిత్యభాష లోకభాష వంటిది కాదనీ, చెప్పిన మాట వెనుక చెప్పని మాట ఉంటుందనీ బోధించడం సాహిత్య బోధనలో ప్రాథమికమైన పని. అందులో సందేహం లేదు. కానీ ఏ మాటను ఉన్నదున్నట్లుగా తీసుకోవాలి, ఏ మాటను దాటి వెళ్లాలి అన్న వివేకం బోధనలో అంతగా కనిపించదు. ప్రతి మాటనూ దాటి వెళ్లడమే సహృదయత అన్న భావన పాతుకుపోయింది. ‘గబ్బిలం’ విషయంలో ఈ భావన చేసిన నష్టం చిన్నది కాదు.

2. ముఖ్యార్థబాధ అనే ద్వారం

లక్షణ అనే వృత్తి పనిచేయడానికి మూడు కారణాలు కావాలని మమ్మటుడు కావ్యప్రకాశంలో నిర్దేశించాడు. ముఖ్యార్థానికి బాధ కలగాలి. లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో ఏదో ఒక సంబంధం ఉండాలి. రూఢి గానీ ప్రయోజనం గానీ ఉండాలి. గంగలో గొల్లపల్లె ఉన్నదంటే ప్రవాహం మీద పల్లె ఉండదు కాబట్టి ‘గంగ’ అనే మాటకు ‘గంగాతీరం’ అనే అర్థం చెప్పుకొంటాం. తీరమని సూటిగా అనకుండా గంగ అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పావనత్వం స్ఫురిస్తాయి. ఇది శాస్త్రంలో అందరూ ఇచ్చే ఉదాహరణ.

ఇక్కడ గమనించవలసింది క్రమం. మొదట ముఖ్యార్థాన్ని అన్వయించి చూడాలి. అది పొసగకపోతేనే రెండో అర్థానికి పోవాలి. పొసిగే చోట లక్షణకు ప్రవేశం లేదు. ఈ క్రమశిక్షణను నేటి ప్రతీకాన్వేషణ చాలావరకు వదిలేసింది.

పొసగడమంటే ఏమిటన్న చర్చ కూడా శాస్త్రంలో ఉంది. కాకుల బారి నుంచి పెరుగును కాపాడమని ఒకరు చెప్పారనుకుందాం. వాక్యాన్వయానికి ఏ ఇబ్బందీ లేదు. కాకులు నిజంగానే పెరుగును పాడుచేస్తాయి. అయినా విన్నవాడు కాకులను మాత్రమే తోలి, కుక్క వచ్చి మూతి పెడితే చూస్తూ కూర్చోడు. పెరుగును పాడుచేసే ప్రాణులన్నీ ఆ ‘కాకి’ మాటలో చేరతాయి. కాబట్టి అన్వయం కుదరకపోవడమే కాక, తాత్పర్యం కుదరకపోవడం కూడా ముఖ్యార్థబాధే అని కొందరు శాస్త్రకారులు అంగీకరించారు. ‘గబ్బిలం’ విషయంలో అడగవలసిన ప్రశ్న దీన్నిబట్టి ఇంకా స్పష్టమవుతుంది. గబ్బిలాన్ని గబ్బిలంగానే తీసుకుంటే కావ్య తాత్పర్యానికి ఎక్కడైనా భంగం కలుగుతుందా?

ఆనందవర్ధనుడు ధ్వనిని రెండుగా విభజించినప్పుడు, వాచ్యం అసలు వివక్షితం కాని ధ్వని ఒకటనీ, వాచ్యం వివక్షితమై మరొక అర్థానికి దారితీసే ధ్వని ఇంకొకటనీ చెప్పాడు. జాషువ కావ్యాన్ని ప్రతీకాత్మకమనే విమర్శకులు తెలియకుండానే దాన్ని మొదటి తరగతిలో చేర్చేస్తున్నారు. రెండో తరగతిలో చేర్చేవారు కొంత నయం. అయినా అక్కడ కూడా వాచ్యం మరొకదానికి లోబడి ఉంటుంది. వ్యంగ్యం వాచ్యానికి లోబడితే దాన్ని గుణీభూత వ్యంగ్యమని, మధ్యమ కావ్యమని మమ్మటుడు ఒక మెట్టు దించాడు. ఈ మెట్ల వరుసే తర్వాతి కాలపు అభిరుచిని తీర్చిదిద్దింది.

అమెరికన్ తత్త్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్ 1978లో రూపకాల గురించి రాసిన వ్యాసంలో దీనికి పూర్తిగా భిన్నమైన వాదన చేశాడు. రూపకానికి వేరే రహస్యార్థమేదీ లేదు, అందులోని మాటలకు వాచ్యంగా ఏ అర్థముందో అదే దాని అర్థం, మిగిలినదంతా ఆ అర్థం మనచేత చూపించే దృశ్యం అన్నది ఆ వాదన సారం. దాన్ని యథాతథంగా ఒప్పుకోనవసరం లేదు. వ్యంజనను అంగీకరించిన సంప్రదాయానికి అది పూర్తిగా పొసగదు కూడా. అయినా వాచ్యార్థాన్ని ఖర్చుపెట్టేసి లక్ష్యార్థాన్ని కొనుక్కోలేమన్న హెచ్చరిక అందులో ఉంది.

3. మేఘం, గబ్బిలం

‘గబ్బిలం’ దూతకావ్యం. దాని వెనుక కాళిదాసు ‘మేఘదూతం’ ఉన్నదన్న సంగతి తెలిసిందే. సంబంధాన్ని చెప్పి ఊరుకోకుండా, రెండు దూతల ఎంపికలో ఉన్న తేడాను చూడాలి.

దూతకావ్యాల మీద చాలా పాతకాలంలోనే ఆక్షేపణ వచ్చింది. మేఘం, గాలి, చంద్రుడు, తుమ్మెద, పక్షుల వంటివాటిని దూతలుగా పంపడం యుక్తికి నిలవదని భామహుడు కావ్యాలంకారంలో దోషంగా పేర్కొన్నాడు. మాట రానివి, వచ్చినా స్పష్టంగా పలకలేనివి సందేశాన్ని ఎలా మోస్తాయన్నది అతని ప్రశ్న. విరహోత్కంఠతో మతి చెడినవాడు అలా మాట్లాడితే మాత్రం పోనీ అనుకోవచ్చునని ఒక సడలింపు ఇచ్చాడు. కాళిదాసు కావ్యంలో సమాధానం కూడా అలాంటిదే. పొగ, వెలుగు, నీరు, గాలి కలిసి ఏర్పడిన మేఘం ఎక్కడ, ఇంద్రియపటుత్వం గల ప్రాణులు మోయవలసిన సందేశాలెక్కడ అని కవే ప్రశ్నించి, కామార్తులకు చేతనాచేతన వివేకం ఉండదని జవాబు చెప్పాడు. అంటే మేఘదూతంలో వాచ్యార్థానికి బాధ ఉన్నదని కావ్యమే ఒప్పుకుంటున్నది. ఆ బాధను యక్షుని విరహోన్మాదం భరిస్తున్నది.

జాషువ నాయకుడు యక్షుడు కాడు. అతడు అరుంధతీసుతుడు, చెప్పులు కుట్టుకొని బతికేవాడు. అతనికి ఉన్నది విరహం కాదు, ఆకలి. మతి చెడి గబ్బిలాన్ని పిలవలేదు. లెక్క చూసుకొని పిలిచాడు. అతని సందేశం శివునికి చేరాలి. శివుడు గుడిలో ఉన్నాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. మరి గుడిలోకి ఎవరు పోగలరు? హంస పోలేదు, చిలుక పోదు, మేఘం గోపురం మీదుగా సాగిపోతుంది. పాత దేవాలయాల మండపాల్లో, గోపురాల లోపలి చీకట్లో, గర్భాలయం పైకప్పుకు వేలాడుతూ ఎవరి అనుమతీ లేకుండా నివసించేది గబ్బిలం. తెలుగు పల్లెల్లో పాత శివాలయం లోపలికి వెళ్లిన ఎవరికైనా ఆ రెక్కల చప్పుడు, ఆ వాసన తెలుసు. వెళ్లనివ్వని వారికి ఆ సంగతి బయటినుంచి తెలుసు. సాయంత్రం గోపురం సందుల్లోంచి గుంపుగా ఎగిరి వచ్చేవాటిని వారూ చూస్తారు.

భామహుని ఆక్షేపణకు జాషువ ఇచ్చిన జవాబు కాళిదాసు జవాబు కన్నా బలమైనది. మాట రాకపోవడమనే అడ్డంకి గబ్బిలానికీ ఉంది. కానీ చేరగలగడం అనే అర్హత దానికి మాత్రమే ఉంది. దూతకు మాట ముఖ్యమా, ప్రవేశం ముఖ్యమా అన్న ప్రశ్న అంతవరకు దూతకావ్యాలకు తట్టలేదు. తట్టవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే పంపినవారెవరికీ ప్రవేశమే సమస్య కాలేదు. యక్షునికి అలకాపురి దూరం, అంతే. శాపం గడువు తీరితే తిరిగి వెళ్లగలడు. జాషువ నాయకునికి గుడి దూరం కాదు.

4. పూజారి లేని వేళ

కావ్యంలో అందరికీ కంఠస్థమైన ఘట్టం ఒకటి ఉంది. ఆలయంలో నీవు వేలాడుతున్నప్పుడు శివుని చెవి నీకు కొంచెం దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా బతుకు కథ విన్నవించమని నాయకుడు గబ్బిలాన్ని వేడుకునే నాలుగు పాదాల చిన్న పద్యం అది. దాని ఆర్ద్రతను మెచ్చుకోని విమర్శకుడు లేడు. ఆ ఆర్ద్రతకు మూలం ఎక్కడున్నదో మాత్రం విడదీసి చూడాలి.

అందులో మూడు సంగతులు ఉన్నాయి. వేలాడటం ఒకటి, చెవికి చేరువ కావడం రెండోది, పూజారి లేని వేళ మూడోది. మూడూ వాచ్యాలే. గబ్బిలం తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి దాని నోరు కిందికి ఉంటుంది. పైకప్పుకు వేలాడే ప్రాణి నోరు కింద ఉన్న విగ్రహానికి దగ్గరవుతుంది. ఇందులో కల్పన ఏమీ లేదు, ప్రకృతిని గమనించిన చూపు ఉన్నది. తలకిందులు కావడాన్ని ‘అస్తవ్యస్త సమాజానికి చిహ్నం’ అని వ్యాఖ్యానించగానే ఈ చూపు పోతుంది, దానితో పాటు శివుని చెవికి చేరువ కావడం కూడా పోతుంది.

మూడో సంగతి మరీ ముఖ్యం. పూజారి లేని వేళను కోరడం వినయమో చమత్కారమో కాదు, అది నాటి వాస్తవ స్థితి. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన 1936 నవంబరు 12న వెలువడింది. మదురై మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించింది 1939 జులై 8న. మద్రాసు రాష్ట్రంలో ఆలయాలను తెరిచే ధర్మకర్తలకు, అధికారులకు రక్షణ కల్పించే చట్టం అదే ఏడాది వచ్చింది. తెరవాలా వద్దా అన్నది అప్పటికీ ఆలయం వారి ఇష్టానికి వదిలిన విషయమే. ప్రవేశాన్ని హక్కుగా గుర్తించిన మద్రాసు చట్టం 1947లో గానీ రాలేదు. ‘గబ్బిలం’ ఈ రెండు చట్టాల మధ్య, 1941లో వచ్చింది. గుంటూరు జిల్లా వినుకొండ వాడైన జాషువ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాడు. ‘పూజారి లేని వేళ’ అన్న మాటకు ఆనాటి పాఠకుడు ప్రతీకార్థం వెదికి ఉండడు. తన ఊరి గుడి తలుపు గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఇక్కడ అలంకారం లేదని కాదు. గబ్బిలానికీ అస్పృశ్యునికీ పోలికలు నిజంగానే ఉన్నాయి. గబ్బిలం పక్షుల్లో పక్షి కాదు, జంతువుల్లో జంతువు కాదు. చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. ఇంట్లోకి వస్తే అశుభమనే నమ్మకం ఉంది. వెలివేతకు గురైన ప్రాణి అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రతీకవాదులు ఈ పోలికల దగ్గర ఆగిపోతారు. కావ్యం అక్కడ ఆగదు. ఇంత అశుభమైన ప్రాణి కూడా గుడిలో ఉండగలదు, మనిషి ఉండలేడు. గాయం పోలికలో లేదు, తేడాలో ఉంది. కాబట్టి ఇది రూపకంగా కాక వ్యతిరేకాలంకారంగా చదవవలసిన ఘట్టం. ఉపమేయం ఉపమానం కన్నా మిన్న అని చూపడం వ్యతిరేకానికి సాధారణ స్వరూపం. ఉపమానమే మిన్న అయితే అది వ్యతిరేకమవుతుందా అన్న విషయంలో ఆలంకారికులు ఏకీభవించలేదు. అందంలో, తేజస్సులో ఉపమానం మిన్న కావడం వల్ల విశేషమేముందన్నది కాదనేవారి అభిప్రాయం. ఉపమానం గబ్బిలమై, ఉపమేయం మనిషై, మిన్న అయ్యేది హక్కు అయినప్పుడు ఆ చర్చ స్వరూపమే మారిపోతుంది. గబ్బిలానికున్న హక్కు మనిషికి లేదన్న ఎరుక వాచ్యార్థం నిలిచి ఉంటేనే కలుగుతుంది. గబ్బిలమే అస్పృశ్యుడు అని అభేదం చెప్పుకున్న మరుక్షణం ఇద్దరి మధ్య తేడా చెరిగిపోతుంది, దానితో ఆలయ తలుపు కూడా తెరుచుకుపోతుంది. ఇంత సులువుగా ఆ తలుపు తెరుచుకోవడం విమర్శలోనే సాధ్యం.

నాయకుని పేరులో కూడా ఇలాంటి చిక్కే ఉంది. అరుంధతి అనగానే వసిష్ఠుని భార్య, పెళ్లిలో చూపించే నక్షత్రం తలపుకు వస్తాయి. ‘అరుంధతీ దర్శన న్యాయం’ అని శాస్త్రంలో ఒక న్యాయమూ ఉంది. కంటికి ఆనని చిన్న నక్షత్రాన్ని చూపడానికి ముందు దాని పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, తర్వాత ఇది కాదు అది అని చెప్పడం ఆ న్యాయం. స్థూలాన్ని మెట్టుగా వాడుకొని వదిలేయడం దాని పద్ధతి. ప్రతీకాన్వేషణ పద్ధతి కూడా అదే. కానీ మాదిగల కులగాథల్లో అరుంధతి తమ ఇంటి ఆడపడుచు. అరుంధతీసుతుడన్నది కవి తొడిగిన పురాణాభరణం కాదు, కులానికి ఉన్న పేరు. దాన్ని అలంకారంగా చదివి దాటిపోయే పాఠకుడు నాయకుని కులాన్నే దాటిపోతున్నాడు.

5. నాలుగు పడగలు

ఇదే కావ్యంలో ముఖ్యార్థానికి స్పష్టంగా బాధ కలిగే చోటు ఉంది. ఈ అభాగ్యుని గాలి సోకితే నాలుగు పడగల హిందూ సర్పం బుసకొడుతుందని కవి చెప్పిన చోటు అది. అలాంటి పాము లోకంలో లేదు. కాబట్టి పాము సమాజమనీ, పడగలు వర్ణాలనీ పాఠకుడు వెంటనే గ్రహిస్తాడు. శాస్త్రం చెప్పిన దారిలోనే లక్షణ నడిచింది, దీని మీద ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. పడగలు నాలుగే. పంచముడనే పేరులో ఉన్న అయిదో సంఖ్యకు ఆ పాము ఒంటి మీద చోటు లేదు. రూపకం ఎంత గాఢమైనా సంఖ్య మాత్రం సంఖ్యగానే పనిచేస్తున్నది.

ఒకే కావ్యంలో జాషువ రెండు రకాల భాషను పక్కపక్కన వాడాడు. అణచివేసే వ్యవస్థను చెప్పవలసి వచ్చినప్పుడు లోకంలో లేని పామును కల్పించాడు. అణగారిన మనిషి దారిని చెప్పవలసి వచ్చినప్పుడు ప్రతి గుడిలోనూ ఉండే గబ్బిలాన్ని తీసుకున్నాడు. రెంటినీ ‘ప్రతీకలు’ అనే ఒకే గంపలో వేయడం కవి వివేకాన్ని గుర్తించకపోవడమే.

6. అప్పు

చెప్పులు కుట్టే ఈ మనిషి తన పనిని ఎన్నడూ కాదనలేదనీ, భారతదేశమే ఇతని సేవకు అప్పుపడిందనీ కవి అంటాడు. తన కులాన్ని, కలిమిని మింగి, దేహాన్ని పిప్పిచేసేవాని పాదం కందకూడదని ఇతడు చెప్పులు కుడుతున్నాడన్నది ఆ పద్యభావం. ‘ఋణపడి ఉండటం’ తెలుగులో అరిగిపోయిన మాట. సన్మాన సభల్లో ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరికీ ఋణపడి ఉంటారు. కాబట్టి ఇక్కడ కూడా అది కృతజ్ఞతకు మారుపేరేనని చదువుతారు. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ప్రచురించిన పుస్తకంలో వాదించినట్లు, నిత్యవ్యవహారపు ఆలోచన కూడా ఇలాంటి రూపకాల మీదే నడుస్తుంది కాబట్టి అవి రూపకాలని గుర్తుకు రావు.

జాషువ పద్యాన్ని వాచ్యంగా చదివితే ఏమవుతుంది? పల్లెల్లో చెప్పులు కుట్టడం, కపిలబానకు తోలు కుట్టడం, డప్పు కొట్టడం, చచ్చిన పశువును మోయడం వంటి పనులకు రోజు కూలి లెక్కకట్టి ఇచ్చే ఆచారం లేదు. కళ్లంలో కొలిచి పోసే గింజలే ప్రతిఫలం. వెట్టి అయిన చోట అదీ లేదు. చేసిన పనికి ఇవ్వవలసింది ఇవ్వకపోతే ఆ బాకీని అప్పు అనే అంటారు. ఆ దృష్టితో చూస్తే కవి వాడిన మాట కృతజ్ఞత కాదు, పద్దు. గ్రామవ్యవస్థలో ఎప్పుడూ అప్పులవాడిగా కనిపించేవాడు దళితుడు. షావుకారు పుస్తకంలో అతని వేలిముద్ర ఉంటుంది. జాషువ ఆ పుస్తకాన్ని తిరగేసి ఎదుటి పేజీ చూపించాడు. అక్కడ దేశం పేరు ఉంది. ‘అప్పు’ను కృతజ్ఞతగా మార్చి చదివితే తీర్చవలసిన బాధ్యత పోయి తలచుకోవలసిన పుణ్యం మిగులుతుంది.

లక్షణకు రూఢి ఉదాహరణగా శాస్త్రకారులు ఇచ్చే ‘కుశలుడు’ అనే మాట ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. దర్భను చేయి తెగకుండా కోసి తెచ్చేవాడన్న అర్థం నుంచి నేర్పరి అన్న అర్థం వచ్చిందని మమ్మటుని మాట. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు దీన్ని అంగీకరించలేదు. శబ్దం పుట్టడానికి కారణం వేరు, వాడుకలో నిలవడానికి కారణం వేరు, కాబట్టి నేర్పరి అన్నదే ముఖ్యార్థమన్నాడు. వాదనగా విశ్వనాథునిదే బలమైనది. అయితే ‘అంటరానివాడు’ అనే మాటకు ఈ భేదాన్ని అన్వయిస్తే విచిత్రమైన ఫలితం వస్తుంది. వ్యుత్పత్తికీ ప్రవృత్తికీ మధ్య ఏ ఎడమూ కనిపించదు. మాట ఏం చెబుతుందో లోకం అదే చేసింది. తెలుగులో ఇంత వాచ్యమైన మాట మరొకటి దొరకడం కష్టం. ‘హరిజనుడు’ అనే పేరు దీనికి సరిగ్గా ఎదుటి కొస. హరికి చెందినవాడని పిలుస్తూనే హరి గుడి బయట నిలబెట్టినంతకాలం ఆ పేరులో ముఖ్యార్థానికి ప్రతిరోజూ బాధే కలిగింది.

7. ఊరు, వాడ

ముఖ్యార్థం అందరికీ ఒక్కటేనన్న నమ్మకం మీద లక్షణ సిద్ధాంతం నిలబడి ఉంది. సంకేతితార్థాన్ని ముందుగా స్థిరపరుచుకోకపోతే బాధ ఎక్కడ కలిగిందో చెప్పలేం. అనేకార్థకమైన మాటకు ఏ అర్థం తీసుకోవాలో నిర్ణయించే హేతువులను భర్తృహరి వాక్యపదీయంలో వరుసగా చెప్పాడు. సంసర్గం, విప్రయోగం, సాహచర్యం మొదలైనవాటితో పాటు దేశం, కాలం కూడా ఆ వరుసలో ఉన్నాయి. చెప్పేవాడెవరన్న దాన్నిబట్టి కొత్త అర్థం స్ఫురించడాన్ని ఆలంకారికులు వ్యంజన కింద చర్చించారు. కానీ చెప్పేవాని కులాన్నిబట్టి ముఖ్యార్థమే మారిపోయే సందర్భం ఎదురైతే?

‘ఊరు’ అనే మాట అలాంటిది. నిఘంటువు దృష్టిలో ఊరంటే గ్రామం. పల్లెలో మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో బయలుదేరిన మనిషి ‘ఊళ్లోకి పోయొస్తా’ అంటాడు. పంచాయతీ లెక్కల్లో అతడు ఆ ఊళ్లోనే ఉన్నాడు, అయినా ఊళ్లోకి పోతున్నాడు. ఊరి మధ్య ఇల్లున్నవారు ఆ వాక్యం అనలేరు. ఇది లక్షణ కాదు, వ్యంజన కాదు. వాడలో ఉన్నవారికి ‘ఊరు’ అంటే ఆ అర్థమే ముఖ్యార్థం. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెట్టినప్పుడు చేసిన పని ఈ దృష్టితో చూడదగినది. అంతవరకు తెలుగు నవలకు కథాస్థలం ఊరు. ఉన్నవ స్థలం పేరును ఉన్నదున్నట్లు అట్ట మీద ముద్రించాడు. అందులో ఒక్క అలంకారం లేదు. పాఠకుడు ఎటువైపు నుంచి నడిచి వస్తున్నాడో ఆ పేరు తేల్చి చెబుతుంది.

ఆలంకారిక శాస్త్రం ‘సహృదయుడు’ అని ఏకవచనంలో చెప్పిన పాఠకునికి ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇల్లు ఊళ్లోనో వాడలోనో ఉంటుంది. ‘పూజారి లేని వేళ’ అన్న మాటలో ఒకరికి కవి చమత్కారం, మరొకరికి తాత చెప్పిన సంగతి వినిపించడానికి కారణం హృదయాల తేడా కాదు, చిరునామాల తేడా.

8. ‘వాచ్యంగా ఉంది’ అనే తీర్పు

1985లో కారంచేడు, 1991లో చుండూరు ఘటనల తర్వాత వెల్లువెత్తిన దళిత కవిత్వం 1995లో ‘చిక్కనవుతున్న పాట’, మరుసటి ఏడాది ‘పదునెక్కిన పాట’ సంకలనాలుగా వచ్చింది. ఆ కవిత్వం మీద ఎక్కువగా వినిపించిన ఆక్షేపణ అది వాచ్యంగా ఉన్నదని, నినాదప్రాయంగా ఉన్నదని. ఈ రెండు మాటలను పర్యాయపదాలుగా వాడటంలోనే పొరపాటు ఉంది.

నినాదాన్ని విప్పి చూస్తే అందులో వాచ్యం అతి తక్కువగా ఉంటుంది. రక్తం మరుగుతుంది, తూరుపు ఎరుపెక్కుతుంది, నిప్పురవ్వ దావానలమవుతుంది, సంకెళ్లు తెగుతాయి. ఇవన్నీ లక్షణలే, వాడివాడి అరిగిపోయినవి. పాఠకుడు ముఖ్యార్థం దగ్గర క్షణం కూడా ఆగకుండా వీటిలో లక్ష్యార్థానికి జారిపోతాడు. నిజంగా మరిగే రక్తం ఎవరి కంటికీ కనిపించదు. దళిత కవిత్వంలో బలహీనమైన కవితలు లేవని ఎవరూ అనరు. ఉన్నాయి, అవి సాధారణంగా ఈ అరిగిన లక్షణల వల్ల బలహీనమయ్యాయి, వాచ్యం వల్ల కాదు. అదే కవిత్వంలో వేరు గ్లాసు, దోసిట్లో పోసే నీళ్లు, బడిలో విడిగా వేసే పంక్తి ఉన్నదున్నట్లు వచ్చిన చోట్ల కవిత నిలబడింది. విమర్శ తప్పుపట్టవలసినదాన్ని వదిలి, నిలబెట్టినదాన్ని తప్పుపట్టింది.

వాచ్యమంతా కవిత్వం కాదు, వార్తకూ కవితకూ తేడా ఉంది. ఆ తేడా అలంకారం ఉండటంలోనో లేకపోవడంలోనో ఉన్నదనుకోవడం వల్లే చిక్కు వస్తున్నది. జాషువ పద్యంలో శివుని చెవి, గబ్బిలం నోరు, పూజారి రాకపోకలు అనే మూడు వాస్తవాలను ఒక క్రమంలో పెట్టడమే కవిత్వం అయింది. వాటిలో ఒక్కదాన్ని మార్చినా పద్యం కూలిపోతుంది. ఎంపిక, కూర్పు అనే పనులకు మన అలంకారశాస్త్ర పరిభాషలో తగిన పేర్లు వెదకవలసి ఉంది. కుంతకుని వక్రోక్తిలో కొన్ని దొరకవచ్చు. ప్రకరణ వక్రత, ప్రబంధ వక్రత అన్న భావనలు మాట దగ్గర ఆగిపోకుండా సన్నివేశ కల్పనను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఆ కోణంలో ‘గబ్బిలం’ మీద విడిగా పరిశోధన చేయడానికి అవకాశం ఉంది.

బోయి భీమన్నకు 1975లో సాహిత్య అకాదెమీ పురస్కారం తెచ్చిన కవితాసంపుటి పేరు ‘గుడిసెలు కాలిపోతున్నై’. తెలుగులో ఇంతకన్నా వాచ్యమైన వాక్యాన్ని పుస్తకానికి పేరుగా పెట్టడం సాధ్యం కాదు. అగ్ని విప్లవానికి, గుడిసె పాత వ్యవస్థకు ప్రతీక అని ఆ పేరును వ్యాఖ్యానించడం తేలికే, పాఠం చెప్పడానికి వీలుగానూ ఉంటుంది. ఆ వాక్యాన్ని వీధిలో ఒకరు అరిస్తే విన్నవారు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎవరివి, ఎక్కడ అని.